మూడోసారికి ముందు ఒక ఊపిరి

మంగళవారం ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలు. గాలి తూర్పు నుంచి వీస్తోంది. నాలుగింటికి మొదలైన తుంపర ఆరూ నలభైకి ఆగింది. వంటింటి కిటికీ బయట వేలాడుతున్న ఉష్ణమాపకం పంతొమ్మిది డిగ్రీలు చూపిస్తోంది. ఆ ఇంటి అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకొని సరిగ్గా పన్నెండు గంటలయింది.

బల్లకు ఒక చివర చెల్లెలు బొమ్మల అట్టలను కట్టలు కడుతోంది. కప్పు, తాళంచెవి, గొడుగు, దువ్వెన, నిచ్చెన... నలభై బొమ్మలకు ఒక కట్ట, కట్టకొక రబ్బరు బ్యాండు. రెండో చివర అక్క, చల్లారిన టీ మీద కట్టిన మీగడను చెంచాతో పక్కకు తోస్తూ కూర్చుంది. ఇద్దరి మధ్యా, నిన్న సాయంత్రం చెల్లెలు తాను పనిచేసే కేంద్రం తలుపు మీది నుంచి పెరికి తెచ్చిన ఉత్తర్వు నాలుగు మూలలా జిగురు మరకలతో ఉప్పుసీసా కింద పడి ఉంది.

"అత్తా, మీ పెద్ద మేనకోడలికి ఇంకో టీ కావాలేమో అడుగు" అంది చెల్లెలు, అట్టల మీంచి తలెత్తకుండా.

"అక్కర్లేదని చెప్పత్తా" అంది అక్క.

పొయ్యి దగ్గరున్న మేనత్త గరిటె దించింది. "నేనేమన్నా టెలిఫోన్ ఎక్స్ఛేంజీనా? నాలుగడుగుల బల్లకి అటొకరు ఇటొకరు కూర్చుని ట్రంకాల్ చేసుకుంటున్నారు. నాకు డెబ్బై దాటాయి, లైను ఎప్పుడు తెగుతుందో నాకే తెలీదు."

ఎవరూ నవ్వలేదు.

ఉత్తర్వులో ఉన్నవి పదకొండు వాక్యాలు. కారణాలను వరుసలో పెట్టుకుంటే విషయం సరళమే. ప్రభుత్వం తన ఖర్చుకు తానే ఒక హద్దు గీసుకుంది. ఈ ఏడాది ఆ హద్దు దాటింది. హద్దు దాటితే, తిరిగి లోపలికి వచ్చేదాకా ప్రాంతాల అభివృద్ధి నిధీ, సామాజిక నిధీ ఆగిపోవాలని పన్నెండో నిబంధన చెబుతోంది. పక్షవాతంతో మాట పోయినవారికి మాట నేర్పే ఆ చిన్న కేంద్రం అద్దె, ఇద్దరి జీతాలు సామాజిక నిధి నుంచే వచ్చేవి. కనుక మంగళవారం సాయంత్రం అయిదు గంటలకు కేంద్రానికి తాళం వేసి, తాళంచెవి అప్పగించాలి.

కేంద్రంలో మాట నేర్పేది చెల్లెలు. అక్కడ మాట నేర్చుకుంటున్న ఇరవై ఇద్దరిలో ఒకరు నాన్న. రాజధానిలో, ఆర్థికశాఖ మూడో అంతస్తులో, పన్నెండేళ్ళ కిందట పన్నెండో నిబంధనను రాసింది అక్క.

ఉత్తర్వు మీద గానీ, నిబంధన మీద గానీ ముసాయిదా రాసినవారి పేరు ఉండదు. ఆమె చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. కానీ నిన్న సాయంత్రం రైలు దిగి, చేతిసంచీ ఇంకా కింద పెట్టకముందే, చెల్లెలు చేతిలోని కాగితాన్ని చూసి, "ఇందులోని నిబంధన నేనే రాశాను" అంది. అబద్ధం చెప్పటం ఆమెకు చేతకాదు. నిజాన్ని కాస్త ఆలస్యంగా చెప్పటమూ చేతకాదు. అప్పటి నుంచీ ఇంట్లో మాటల్లేవు.

"ఒక్క సంగతి అడుగుతాను, నాకు అర్థమయ్యేట్టు చెప్పు" అంది అత్త, అక్క ఎదుట వేడి టీ పెట్టి. "ఖర్చు ఎక్కువ చేసింది ఎవరు?"

"రాజధాని."

"శిక్ష ఎవరికి?"

అక్క చెంచాను వేడి టీలో తిప్పింది.

"అత్త మీద కోపం దుత్త మీద చూపించారని సామెత. నేనే అత్తని కాబట్టి చెప్పే హక్కు నాకుంది. కోపం వస్తే అత్తనే కొట్టాలి గానీ, పాలకుండ ఏం చేసిందమ్మా?"

"భయపడతారనుకున్నాం అత్తా. ప్రాంతాల వాళ్ళు ఊరుకోరు, నిధులు ఆగితే గొడవ చేస్తారు, ఆ గొడవకు జడిసి రాజధానిలో చేతులు కట్టుకుంటారనుకున్నాం. అంతకుముందు ఏం జరిగేదో నువ్వు చూశావా? సగం కట్టిన వంతెన మీద మేకలు ఎండ కాచుకునేవి. అప్పులన్నీ ఎన్నికల ముందు తేవటం, తర్వాత చేతులెత్తెయ్యటం. ఎక్కడో ఒకచోట ముడి వెయ్యాలి కదా."

"వేశావు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడి..."

అత్త నాలుక కరుచుకుంది. గుమ్మంలో నాన్న నిలబడి ఉన్నారు.

కుడిచెయ్యి ఒంటికి ఆనించుకుని, ఎడమచేత్తో తలుపు పట్టుకుని, ఆయన ముగ్గురినీ ఒక్కొక్కరినే చూశారు. పక్షవాతం వచ్చిన ఈ పద్నాలుగు నెలల్లో ఆ నోటికి తిరిగి వచ్చినవి పదమూడు మాటలే. అర్థం కావటంలో మాత్రం ఏ లోటూ లేదు. ఒక్క క్షణం ఆగి, ఆయన భుజాలు కదిలాయి. నవ్వారు. తన నాలుక మీద వచ్చిన సామెతకు తానే పగలబడి, శబ్దం సగమే వచ్చేట్టుగా నవ్వారు.

"చూడండి, వాడికున్న బుద్ధి మీకు లేదు" అంది అత్త, కొంగుతో కళ్ళు తుడుచుకుని. "రా తమ్ముడూ, కూర్చో. నీ కూతుళ్ళు మౌనవ్రతంలో ఉన్నారు. వాళ్ళకి మాటలొచ్చి దండగ."

ఆయన ముప్ఫై ఎనిమిదేళ్ళు కూరగాయల టోకు మార్కెట్లో వేలం పాట నడిపారు. తిరగేసిన కర్రపెట్టె మీద నిలబడి, బస్తాల వరుసను చూపిస్తూ, "ఒకటోసారి... రెండోసారి..." అనేవారు. ఆ మార్కెట్టంతా ఆయన్ను పాటగాడనే పిలిచేది. మూడోసారి అనేముందు ఆయన ఒక ఊపిరి ఆగేవారు. ఆ ఒక్క ఊపిరిలోనే ధర పెరిగేది. పండించినవాడి కడుపు నిండేది ఆ ఊపిరి వల్లనే అని రైతులు చెప్పుకునేవారు. మూడోసారి అన్నాక మాత్రం ఎవరొచ్చినా పాట మళ్ళీ తెరిచేవారు కాదు. ఒకసారి సొంత బావగారు, అంటే ఈ అత్త భర్తే, ఒక్క క్షణం ఆలస్యంగా చెయ్యెత్తితే, కొట్టేసిన పాటను తిప్పనని నిలబడ్డారు. అత్త ఆయనతో ఆరునెలలు మాట్లాడలేదు. ఆ ఇంట్లో మౌనాలు కొత్త కాదు.

మాట పోయినప్పుడు కూడా నాన్నకు ఒకటోసారి, రెండోసారి అన్న ఆ రెండు మాటలు పోలేదు. బడిలో వల్లెవేసిన ఎక్కాల్లా, రోజుకు వందసార్లు పలికిన మాటలు మెదడులో మరోచోట దాగి ఉంటాయని చెల్లెలు చెప్పింది. ఆ రెండు మాటలనే ఆమె మెట్లుగా వాడుకుంది. కప్పు బొమ్మ చూపించి తానూ ఆయనతో గొంతు కలుపుతుంది: "ఒకటోసారి... రెండోసారి..." మూడోసారి అనవలసిన చోట తాను ఆగిపోతుంది. ఆ ఖాళీలోకి, అలవాటు తోసుకొచ్చిన ఊపుతో, "కప్పు" అనే మాట జారిపడుతుంది. పదమూడు మాటలూ అలాగే వచ్చాయి. నెలకొకటి కూడా పడలేదు. అయినా వచ్చాయి.

ఆయన కూర్చున్నాక చెల్లెలు మొదటిసారి అక్క వైపు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"కేంద్రం ముందు రోడ్డు వేస్తున్నారు. తారు వాసనకి పేషెంట్లు దగ్గుతున్నారు. దానికి నిధులు ఆగలేదు. ఎందుకు ఆగలేదో చెప్పు."

"మినహాయింపు ఉంది. సగానికి మించి పూర్తయిన పనులకు ఈ నిలిపివేత వర్తించదు. ఆ రోడ్డు యాభై మూడు శాతం అయింది."

"అదీ నువ్వే రాశావా?"

"అదీ నేనే. సగం కట్టిన వంతెనలు మళ్ళీ రాకూడదని."

"మంచిది" అంది చెల్లెలు. "రోడ్డు యాభై మూడు. మరి నాన్న ఎంత శాతం పూర్తయ్యాడక్కా?"

అత్త గరిటె ఆగిపోయింది. అది ప్రశ్న కాదు, తిట్టు. అది తగిలినచోట అక్క ముఖం తెల్లబడి, తర్వాత నెమ్మదిగా, చిత్రంగా మారింది.

"ఇంకోసారి అను."

"ఎందుకు, సరిగ్గా తగల్లేదా?"

"లేదు, నిజంగా అడుగుతున్నాను. నీ దగ్గర లెక్క ఉందా? ఎవరికి ఎన్ని మాటలు వచ్చాయో?" అక్క ఉప్పుసీసాను తోసి ఉత్తర్వును అందుకుంది. "ఇందులో ఎత్తి రాసిన మినహాయింపులో 'పనులు' అని ఉంది. కట్టడాలు అని లేదు. రోడ్లు అని లేదు. పని అంటే ఏమిటో ఎక్కడా నిర్వచించలేదు. నేనే నిర్వచించలేదు. అప్పుడు నాకు తట్టలేదు. కేంద్రం ఒక పని అయితే, ఆ పని పూర్తయిన శాతం మాటల్లో కొలవచ్చు."

చెల్లెలు కట్టిన కట్టను బల్ల మీద వదిలేసింది. "నలభై బొమ్మల్లో ఎన్ని చెప్పగలరో, ప్రతినెలా రాస్తాను. అందరికీ."

"సగటు?"

"యాభై ఆరు."

"యాభై ఆరా!"

"యాభై ఆరు పైచిలుకు. మొన్ననే కూడాను, నివేదికకి."

అక్క లేచి నిలబడింది. టీ ఒలికింది. "కొలతల ఇంజనీరు ఆ రోడ్డు దగ్గరే ఉంటాడుగా? శాతం ధ్రువీకరించాల్సింది అతనే. పదకొండింటికి రమ్మంటాను. సంతకం పెడితే ఇవాళే తంతి... ఫోనులో చెప్పేస్తాను, తాళం ఆగిపోతుంది."

"తంతా?" అంది చెల్లెలు. పన్నెండు గంటల్లో మొదటిసారి పెదవి మీద నవ్వు కదిలింది. "పూర్తిగా నాన్న కాలంలోకి వెళ్ళిపోయావు."

"నోర్ముయ్. నీ పుస్తకం తీసుకురా."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వులో చిన్నప్పటి గొంతులున్నాయి. అత్త గోడ వైపు తిరిగి, "లైను కలిసింది" అని తనలో తాను అనుకుంది. నాన్న ఎడమచేత్తో బల్లను రెండుసార్లు తట్టారు, మార్కెట్లో మంచి సరుకు వచ్చినప్పుడు తట్టినట్టు.

ఈ సంతోషమే తర్వాత జరిగినదానికి కారణం. ఇరవై నాలుగేళ్ళ ఉద్యోగంలో ఎవరు ఏ సగటు చెప్పినా అక్క అడిగే మొదటి ప్రశ్న ఒకటుంది: ఎవరెవరిని కలిపితే వచ్చింది? కింది ఉద్యోగులు ఆ ప్రశ్నకు జడిసేవారు. ఆ ఒక్క ఉదయం, ఆ ఒక్క సగటుకు, ఆమె ఆ ప్రశ్న వేయలేదు.

*

కేంద్రం ఒక పాత గోదాములో ముందరి మూడు గదులు. గోడలకు సున్నం కొత్తది. నేల మీద మాత్రం ఎప్పటివో ఇనుప చక్రాల గాట్లు. బయట రోడ్డు రోలరు ముందుకూ వెనక్కూ కదులుతుంటే కిటికీ అద్దాలు సన్నగా మోగుతున్నాయి. ఇరవై రెండు కుర్చీలు గోడవెంట వేసి ఉన్నాయి. ఆ రోజు ఎవరూ మానలేదు. తాళం సంగతి అందరికీ తెలుసు.

ఇంజనీరు పదకొండుకు అయిదు నిమిషాల ముందే వచ్చాడు. బూట్లకు తారు, జేబులో కొలత టేపు. గుమ్మం దగ్గర బూట్లు విప్పి, ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకునే లోపలికొచ్చాడు.

"మేడం, రోడ్డయితే తవ్వి చూస్తాను, కంకర ఎంత మందం ఉందో. మనుషుల్ని ఎక్కడని తవ్వను?"

"ఆ పని నాది బాబూ, డెబ్బై ఏళ్ళుగా తవ్వుతున్నాను" అంది అత్త. "నువ్వు రాసుకో చాలు."

ఇంజనీరు నవ్వాడు. మంచివాడు. అక్క ఫోనులో చెప్పిన వివరమంతా శ్రద్ధగా విని, పన్నెండో నిబంధనను తన సంచీలోంచి తీసి మళ్ళీ చదువుకుని, "పని అంటే ఏమిటో నిజంగానే రాయలేదు మేడం. నాకేం అభ్యంతరం లేదు. ఒకరిద్దర్ని నా ఎదుట పరీక్ష చేస్తే, మిగతాది మీ రికార్డు చూసి రాసేస్తాను" అన్నాడు.

"నాన్నని చెయ్యి" అంది చెల్లెలు. అట్టల కట్టను అక్క చేతికిచ్చింది. "నువ్వే చూపించు. కొలిచేది నువ్వేగా." ఇప్పుడు ఆ మాటలో విషం లేదు, చనువుంది.

అక్క నాన్న ఎదుట కూర్చుంది. కప్పు చూపించింది. చెల్లెలు పక్కనుంచి గొంతు కలిపింది.

"ఒకటోసారి... రెండోసారి..."

"కప్పు" అన్నారు నాన్న.

ఇంజనీరు గీత పెట్టాడు. గొడుగు వచ్చింది. కిటికీ వచ్చింది. నిచ్చెన రాలేదు. తాళంచెవి బొమ్మ చూపించినప్పుడు ఆయన చాలాసేపు దాన్ని చూసి, ఎడమచేతి రెండు వేళ్ళు దగ్గర చేర్చి, గాలిలో ఒక తాళం తిప్పారు. మాట రాలేదు.

"తెలిసింది కదండీ పాపం, తిప్పి చూపించారు. పెట్టెయ్యనా?" అన్నాడు ఇంజనీరు.

"వద్దు" అంది చెల్లెలు. "మాట వస్తేనే గీత. నేనెప్పుడూ దొంగమార్కు వెయ్యలేదు."

నాన్న చిన్నకూతుర్ని చూసి తలాడించారు. ఆయనకు అది నచ్చింది.

నలభై అట్టలూ అయ్యాయి. పద్నాలుగు. కిందటి నెల కన్నా ఒకటి ఎక్కువ. కొత్తగా వచ్చిన మాట దువ్వెన. గోడవెంట కూర్చున్నవాళ్ళలో ఎవరో ఒంటిచేత్తో తొడ మీద చప్పట్లు కొట్టారు. ఇంకొకరు అందుకున్నారు. ఇరవై ఇద్దరిలో రెండు చేతులూ బాగా ఆడేవాళ్ళు ఏడుగురే గనుక, ఆ చప్పట్లు మెత్తగా, చెక్క మీద వాన పడ్డట్టు వినిపించాయి.

ఇంజనీరు రికార్డు పుస్తకం తెరిచాడు. వేలితో పేర్లు లెక్కపెడుతూ కిందికి వచ్చాడు. వేలు ఆగింది.

"ముప్ఫై ఒక్క పేర్లున్నాయి. కుర్చీలు ఇరవై రెండు."

"అవును."

"ఈ తొమ్మిది పేర్ల ముందు గీత ఏమిటమ్మా?"

"వాళ్ళు బాగైపోయారు. ఇళ్ళకు వెళ్ళిపోయారు" అంది చెల్లెలు గర్వంగా. "ఒకావిడ మళ్ళీ బస్సులో టికెట్లు కొడుతోంది. తొంభై నాలుగు శాతం ఆ తొమ్మండుగురి సగటు."

ఇంజనీరు తలెత్తలేదు. పుస్తకం అంచును సరిచేశాడు. బయట రోలరు ఆగింది. అద్దాల మోత కూడా ఆగింది.

అక్కకు అప్పుడు అర్థమయింది. బాగైనవాళ్ళు వెళ్ళిపోతారు. మిగిలి ఉండేది ఎప్పుడూ బాగుకానివాళ్ళే. ఆ గదిలో పని ఎంత బాగా జరిగితే, ఆ గదిలో మిగిలిన అంకె అంత తక్కువగా ఉంటుంది. రోడ్డు వేసిన మేర రోడ్డులోనే ఉంటుంది. మాట వచ్చిన మనిషి కుర్చీలో ఉండడు. చెల్లెలు ఫోనులో "ఇవాళ ఇంకొకరు ఇంటికెళ్ళారక్కా" అన్న తొమ్మిదిసార్లూ ఆమె తన ఆఫీసులో ఆ సంగతి చెప్పుకుని మురిసింది.

"వాళ్ళను తీసేస్తే ఎంత?" అని అడిగింది. తన గొంతు తనకే ఆఫీసు గొంతులా వినిపించింది.

"ఎందుకు తీసెయ్యాలి?"

"ఎంతో చెప్పు."

"నలభై ఒకటి" అంది చెల్లెలు. అక్క ముఖం చూసింది. "ఎందుకు తియ్యాలక్కా?"

ఇంజనీరు చేతిలోని నిబంధనను తిప్పి, వెనక పేజీలో వేలు పెట్టాడు. చదవలేదు. అక్కకు చదవనక్కర్లేదు. "ముగించి అప్పగించిన పనులను శాతం గణనలో చేర్చరాదు." గుత్తేదారులు నిరుడు ముగించిన రోడ్లను ఈ ఏటి లెక్కలో కలిపి, ఏమీ చెయ్యకుండానే సగం దాటించేస్తున్నారని, పన్నెండేళ్ళ కిందట ఒక వర్షాకాలపు మధ్యాహ్నం ఆమే చేర్చిన వాక్యం. దానికి అప్పట్లో మెచ్చుకోలు వచ్చింది.

"మేడం" అన్నాడు ఇంజనీరు మెల్లగా. "మనుషుల్ని ముగించి అప్పగించారనటం ఏమిటని నేను వాదించగలను. మీరు ఊ అనండి చాలు. ముప్ఫై ఒక్కరి లెక్కా వేసి, యాభై ఆరు అని రాసి సంతకం పెట్టేస్తాను. మీరు రాసిన రూలు, మీరు చెప్పిందే అర్థం."

"ఈయన మా నాన్న అని మీకు తెలుసా?"

"తెలుసమ్మా. అందుకే అడుగుతున్నాను."

"నేను ఊ అన్నానని కాగితం మీద ఉంటుందా?"

"ఉండాలి. 'ముసాయిదాకర్త వివరణ మేరకు' అని రాస్తాను. అది లేకపోతే నా సంతకం చెల్లదు." అతను ఒక్క క్షణం తటపటాయించాడు. "రేపు గుత్తేదార్లు అదే కాగితం పట్టుకొస్తారు, అది నిజమే. నా సర్కిల్లోనే పదకొండు మందున్నారు. వాళ్ళకీ ఊ అనాలి. మిగిలిన కాస్త డబ్బూ అటు పోతే, పైకప్పు లేని బడులు రెండున్నాయి, వాటికి రాదు. కానీ అదంతా రేపటి సంగతి. ఇవాళ్టిది ఇవాళ చూడండి."

మంచితనం కొన్నిసార్లు కత్తికన్నా లోతుగా దిగుతుంది.

"అక్కా" అంది చెల్లెలు. ఆ ఒక్క పిలుపులో అంతా ఉంది. "ఒక్క ఊ. నీకు రెండు మాటలు కూడా ఖర్చు కావు."

"అది కాదు..."

"బడుల సంగతి రేపు చూద్దాం. నువ్వే చూడు, నీకంత తెలివుంది. ఇవాళ నాన్నకి దువ్వెన వచ్చింది. చూశావుగా? నీ ఎదుటే వచ్చింది. వచ్చే నెల నీ పేరు పెడదామనుకున్నాను అట్టల్లో. నీ ఫోటో అంటించి. చెప్పకుండా ఉంచుదామనుకున్నాను."

అక్క పెదవులు కదిలాయి, మాట రాలేదు. ఆ గదిలో ఆమె ఇరవై మూడో మనిషి అయింది.

"చెప్పవే" అంది అత్త. ఆమె గొంతులో ఇప్పుడు పరిహాసం లేదు. "ఒకసారి నీ అబ్బ ఇట్లాగే నిలబడ్డాడు. నా మొగుడు చెయ్యెత్తి చూస్తుండగా. ఆ పట్టుదల ఏం కూడు పెట్టిందో అడుగు వాణ్ణి. అడుగు! చెప్పగలిగితే చెప్తాడు."

అందరూ నాన్న వైపు చూశారు.

ఆయన పెద్దకూతుర్ని చూస్తున్నారు. ఎడమచెయ్యి కుర్చీ మీంచి నెమ్మదిగా పైకి లేచింది. అరచేయి ముందుకు, వేళ్ళు దగ్గరగా. కర్రపెట్టె మీద నిలబడ్డప్పుడు లేచే చెయ్యి అది. ఎవరూ గొంతు కలపలేదు. ఆయనే అన్నారు, ఒక్కరే, పద్నాలుగు నెలల్లో ఎప్పుడూ లేనంత స్పష్టంగా.

"ఒకటోసారి."

రోడ్డు మీద ఎవరో పారతో కంకర లాగుతున్నారు.

"రెండోసారి."

ఆగారు.

చెల్లెలు అలవాటు కొద్దీ ముందుకు వంగింది. ఆ ఖాళీలోకి ఏ మాట జారుతుందో అందుకోవటానికి ఆమె ముఖమంతా చెవి అయింది. ఇంజనీరు కలం గడి మీద ఆగి ఉంది. ఆ ఊపిరి చాలా పొడుగ్గా సాగింది. దానిలో ధర పెరగవచ్చు. ఎన్నో వేల ఉదయాలు పెరిగింది. ఆ ఊపిరి పాట పెంచమని ఇచ్చిన గడువా, కొట్టెయ్యమని ఇచ్చిన అనుమతా అన్నది అక్కచెల్లెళ్ళిద్దరూ ఆ తర్వాత ఏనాడూ ఒకలా చెప్పలేదు.

"నలభై ఒకటి" అంది అక్క. "నలభై ఒకటే రాయండి."

కలం కదిలింది. నాన్న చెయ్యి కిందికి దిగి, కుర్చీ చేతి మీద చప్పుడు లేకుండా ఆనింది. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చెల్లెలు అరిచినా బాగుండేది. గోడకున్న మేకు నుంచి కేంద్రం తాళంచెవి తీసి, అక్క అరచేతిని తెరిచి, అందులో పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే మూసింది.

"అయిదింటికి నువ్వే వెయ్యి" అంది. "మాకు మధ్యాహ్నం పాఠం ఉంది. అడ్డం లేస్తావా?"

అక్క కుర్చీలోంచి లేచింది. చెల్లెలు ఆ కుర్చీలో నాన్న ఎదుట కూర్చుని, కట్ట మీది రబ్బరు బ్యాండు తీసి, నిచ్చెన బొమ్మను పైకెత్తింది.

కేంద్రం ముందు రోడ్డు ఆ ఏడాది చివరికి నూటికి నూరు శాతం పూర్తయింది. నాన్న మరో నాలుగేళ్ళ రెండు నెలలు బతికారు. రెండోసారి దాకా రోజూ అనేవారు. మూడో చోటికి కొత్త మాట ఏదీ రాలేదు.